తీసేసిన లైను

ఆగండి. ఏ పనిలో ఉన్నా సరే కాసేపు పక్కన పెట్టి ఇది వినండి. ఇవాళ చెప్పకపోతే రేపటికి నాకు నేనే సర్దిచెప్పుకుని ఊరుకుంటాను. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరు.

నిన్న ఆదివారం నేను సింకు దగ్గర గిన్నెలు తోముతున్నాను. హాల్లో మా బాసూ ఆయన భార్యా భోజనాలకి కూర్చున్నారు. వండింది నేను. వడ్డన మాత్రం నాది కాదు. పొద్దున్నే అత్తయ్య నా చేతులు చూసి, గొంతు బాగా తగ్గించి, "అమ్మాయ్, వాళ్ళ ముందు ఆ చేతులతో వడ్డించకు, తినబుద్ధి కాదు. నేను చూసుకుంటాలే, నువ్వు లోపల గిన్నెల సంగతి చూడు," అంది. ఆవిడ చెడ్డగా అనలేదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డగా అని ఉంటే కోపం తెచ్చుకునేదాన్ని. నా పరువు కాపాడుతున్నట్టు మెల్లగా అనేసరికి సిగ్గేసింది. వండడానికి పనికొచ్చిన చేతులు, తోమడానికి పనికొచ్చే చేతులు, మధ్యలో గరిటె పట్టుకునే కాసేపూ ఎందుకు పనికిరాకుండా పోయాయి అనే ప్రశ్న నాకు తట్టింది కూడా అంతా అయిపోయాకే. అప్పుడు మాత్రం "సరే అత్తయ్యా" అని, బీరువాలో వెతికి పొడుగు చేతుల డ్రెస్ వేసుకున్నాను.

నా చేతులకున్నది నికెల్ దురద. మా ఫ్యాక్టరీలో ఇనుప సామాన్లకి నికెల్ పూత వేస్తారు. ఆకుపచ్చ నీళ్ళ తొట్టి ఒకటుంటుంది, అందులో కరెంటు పారిస్తే బూడిదరంగు ముక్క లోపలికి వెళ్ళి అద్దంలా మెరుస్తూ బయటికొస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నోరు తెరుచుకుని చూశాను, ఇప్పటికీ చూస్తాను, అదంటే నాకు అంత పిచ్చి. నాది క్వాలిటీ సెక్షన్. తడితడిగా వచ్చే ముక్కల్ని పట్టుకుని పూత సరిగ్గా పట్టిందో లేదో చూడాలి. గ్లవ్స్ ఇస్తారు, కానీ ఒక్కటే సైజు, మగవాళ్ళది. నా చేతికి అవి సంచుల్లా వేలాడతాయి, లోపలికి నీళ్ళు దిగి అక్కడే నిలబడిపోతాయి. ముందు వేళ్ళ మధ్య ఎర్రబడింది, తర్వాత మణికట్టు దాకా పాకి పగుళ్ళిచ్చింది, ఆపైన ఇంట్లో సబ్బునీళ్ళు. డాక్టరు నికెల్‌కి దూరంగా ఉండమన్నాడు, సబ్బుకీ దూరంగా ఉండమన్నాడు. అయితే ఇక నాకు మిగిలేది ఊపిరి పీల్చుకోవడమే కదా అని నవ్వాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే ఆయనా నవ్వాడు. నేనే నవ్వుతూ చెప్పాను మరి, ఆయన్ని ఏమనను.

మా ఆయనదీ అదే ఫ్యాక్టరీ. ప్లానింగ్ సెక్షన్, అంటే ఏ సరుకు ఎప్పుడు తయారవ్వాలో, ఏ లారీ ఎప్పుడు కదలాలో చూసే పని. ఇంట్లో నువ్వు, గేటు దాటాక మీరు. ఇది మేం పెట్టుకున్న నియమమే, మొదట్లో ముద్దుగా ఉండేది.

నాకు పడిన పనేంటంటే, ఏ ముక్క ఎలా ఉండాలో గీసిన మా డ్రాయింగులన్నిటి మీదా ఒక స్పెక్ నంబరు ఉంటుంది, స్పెక్ అంటే నికెల్ పూత ఎలా వెయ్యాలో చెప్పే నియమాల పుస్తకం. ఆ స్పెక్ ఎప్పుడో రద్దయిపోయింది. చచ్చి ఏళ్ళయినా మా డ్రాయింగుల మీద పెత్తనం మాత్రం చెలాయిస్తూనే ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు దీన్ని పట్టుకుని, ఇదేంటయ్యా, లేని స్పెక్ పేరు చెప్పి సరుకు అమ్ముతున్నారా అన్నారు. దాంతో బాస్ నన్ను పిలిచి పాత నంబరు తీసేసి కొత్త స్పెక్ నంబరు పెట్టెయ్యమ్మా, అంతే, సాయంత్రానికి అయిపోవాలి అన్నాడు. ఆయనకి ఫ్యాక్టరీలో తథాస్తు అని పేరు. ఏ కాగితం పెట్టినా చదవకుండా "తథాస్తు" అని సంతకం పెట్టేస్తాడు, ఆ మాట తనకి ముద్దుపేరని ఆయన నమ్మకం.

నేను మాత్రం రెండు స్పెక్‌లూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఎవరూ చదవమనలేదు, నాకే ఉబలాటం. అక్కడ దొరికింది నాకు.

పూత వేసేటప్పుడు హైడ్రోజన్ అనే వాయువు ఉక్కులోకి దూరుతుంది. మెత్తటి ఇనుముకి ఏం కాదు. గట్టి ఉక్కు అయితే, అంటే స్ప్రింగులూ కొక్కేలూ లాంటివయితే, లోపల్లోపల పెళుసెక్కిపోతుంది. పైకి ఏమీ కనపడదు. పైన పటారం లోన లొటారం అంటారే, అదే. బరువు పడ్డాక గంటో, రోజో గడిచి, అంతా బాగుందనుకున్నప్పుడు ఠక్కున విరుగుతుంది. దీనికి మందు ఒకటే. పూత అవగానే ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి వేడి మీద ఉంచితే ఆ హైడ్రోజన్ బయటికి పోతుంది. ఆలస్యం చేస్తే, లోపల పగులు మొదలయ్యాక, ఇక ఎంత వేడి పెట్టినా లాభం లేదు. పాత స్పెక్‌లో, గట్టి ఉక్కు అయితే చాలు, ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేకుండా ఈ ఓవెన్ పని జరిగిపోవాలని ఉంది. కొత్త స్పెక్‌లో అలా లేదు. ఇది గట్టి ఉక్కు, ఓవెన్‌లో పెట్టండి అని డ్రాయింగులో రాసి అడగాలి. అడగకపోతే చెయ్యరు. చెయ్యకపోవడం తప్పు కూడా కాదు.

అది చదువుతుంటే మా ఆయన గుర్తొచ్చాడు. ఒకసారి నాకు జ్వరమొచ్చి పడుకుని లేచేసరికి సింకు నిండా గిన్నెలు, మూలన మాసిన బట్టలు, తాగడానికి కాచిన నీళ్ళు కూడా లేవు. నేను ఏమీ అనకముందే, "చెప్తే చేసేవాణ్ణిగా," అన్నాడు. నిజమే, చెప్తే చేస్తాడు, మంచివాడు. మరి నాకెవరు చెప్తున్నారు? నేను పాత స్పెక్‌ని. నాలో అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయి. ఈ పోలిక తట్టగానే సీట్లో కూర్చుని ఒక్కదాన్నే పకపకా నవ్వాను, పక్క టేబులాయన తలెత్తి చూస్తే దగ్గు నటించాను.

సరే, కొత్త నంబరు పెట్టి, దాని కింద ఒక లైను చేర్చాను. గట్టి ఉక్కు, పూత అయిన వెంటనే ఓవెన్‌లో పెట్టవలెను. ఒక్కటే లైను. ఆ డ్రాయింగు ఆసుపత్రి మంచాలకి వాడే స్ప్రింగు కొక్కేనిది. రోగి దొర్లి కింద పడకుండా మంచం పక్కన కమ్మీ ఒకటి లేపి పెడతారు కదా, ఆ కమ్మీని పట్టి ఉంచేది చిటికెన వేలంత ఈ కొక్కెమే.

ఆ సాయంత్రం వంటింట్లోకి మా ఆయన ఫోన్‌లో డ్రాయింగు చూస్తూ వచ్చాడు. ఓవెన్ ఒక్కటే ఉందనీ, అందులో ఈ కొక్కేలు పెడితే మిగతా సరుకంతా ఆగిపోతుందనీ, లారీ కదలకపోతే అడిగేది తననేననీ చెప్పాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి, లేదు, ఇది విరుగుతుంది అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే గుర్తుంది. పెద్ద విషయం కాదన్నట్టు, తప్పు నాదే అన్నట్టు, చివర కొంచెం నవ్వు కలిపి. ఆయన, "కందకి లేని దురద కత్తిపీటకెందుకే? బాసే నంబరు మార్చమన్నాడు, నువ్వు పురాణం రాస్తున్నావు," అన్నాడు. దురద మాట వినగానే నా చేతులు చూసుకుని ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నవ్వు తగ్గించి, "రేపు ఫ్యాక్టరీలో ఏమంటారో తెలుసా? పెళ్ళాం లైను రాసిందని మొగుడు ప్లాన్ మార్చాడంటారు. తీసెయ్," అన్నాడు.

మర్నాడు బాస్‌తో చెప్దామని వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండా నంబరు మార్చావా లేదా అని అడిగాడు. మార్చాను సార్, కానీ... అన్నాను. ఆ కానీ ఆయన చెవిదాకా వెళ్ళలేదు. తథాస్తు అనేశాడు. నేను సీటుకొచ్చి లైను తీసేశాను. చాలా తేలిగ్గా పోయింది, ఒక్క మీట నొక్కితే.

ప్లేటింగ్ షాపులో, అంటే పూత వేసే చోట, పెద్దాయన్ని అందరం తొట్టి బాబాయ్ అంటాం. ఆయన పెళ్ళి చేసుకుంది ఆ తొట్టినే అని జోక్. కొత్త డ్రాయింగు చేతిలోకి తీసుకుని, "ఏం అమ్మడూ, ఈసారి ఓవెన్ లేదా?" అన్నాడు. కొత్త స్పెక్ బాబాయ్ అన్నాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆయన, "సరేలే, చదివినదానివి నువ్వే చెప్తున్నావుగా," అని తొట్టి వైపు తిరిగాడు. ఆ నమ్మకం నా వీపు మీద చెమటలా కారింది.

కొక్కేలన్నీ తయారై పెట్టెల్లోకి ఎక్కాయి. అద్దాల్లా ఉన్నాయి. సోమవారం లారీ. శనివారం సాయంత్రం నేను ఆ పెట్టెల్లోంచి ఒకటి, ఓవెన్‌లో పెట్టిన పాత సరుకులోంచి ఒకటి తీసి టిఫిన్ డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఎందుకంటే చెప్పే ధైర్యం లేనిదానికి చూసే ధైర్యమైనా ఉండాలి కదా. వంటింటి వెనక బట్టలుతికే చోట అడ్డంగా ఇనుప రాడ్డు ఉంది. రెండు కొక్కేలూ దానికి తగిలించి, రెండు బకెట్ల నిండా నీళ్ళు పట్టి వేలాడదీశాను. అత్తయ్య చూసి ఇదేం చోద్యమే అంది. నీళ్ళు రావట అత్తయ్యా, పట్టి ఉంచాను అన్నాను. అబద్ధాలు ఎంత సులువుగా వస్తున్నాయో చూడండి.

ఆదివారం పొద్దున లేచి చూస్తే రెండూ వేలాడుతూనే ఉన్నాయి. ఎంత హాయిగా అనిపించిందో. విరగలేదు, నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ హాయి వచ్చిన మరుక్షణం సిగ్గేసింది. నా లెక్క తప్పాలని నేనే కోరుకుంటున్నాను, ఏ రోగి ఏ మంచం మీదినుంచి పడతాడో అని కాదు, నోరు విప్పే పని తప్పుతుందని.

ఇక భోజనాల సంగతికొద్దాం. నేను తోముతున్నాను. హాల్లోంచి బాస్ గొంతు వినపడుతోంది. మా సెక్షన్‌లో నేను బంగారమట. "పని ఎంత ఇచ్చినా నోరు మెదపదండీ," అంటున్నాడు. అత్తయ్య మురిసిపోయి, "ఇంట్లోనూ అంతేనండి. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా," అంటోంది. సరిగ్గా అప్పుడు వెనకాల ఠంగుమని చప్పుడు. తర్వాత దబ్బున బకెట్టు. నీళ్ళు వంటింట్లోకి, వంటింట్లోంచి గడప దాటి హాల్లోకి, బాస్ కాళ్ళ కిందకి.

ఏ బకెట్టో మీకు చెప్పక్కర్లేదు. రెండోది దాని పక్కనే కదలకుండా వేలాడుతోంది. విరిగిన కొక్కెం సగం ముక్క నేల మీద, నీళ్ళలో, ఇంకా మెరుస్తూనే. నేను దాన్ని తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి నా గుప్పిటి చూశాడు, రాడ్డు చూశాడు. ప్లానింగ్ మనిషి కదా, క్షణంలో అర్థమైంది. హాల్లోకి తిరిగి, "ఏం లేదు సార్, తాడు తెగింది," అన్నాడు.

తాడు ఎక్కడుంది అసలు?

నేను పాత గుడ్డ తీసుకుని హాల్లోకి వెళ్ళాను. బాస్ రెండు కాళ్ళూ కుర్చీ మీదకి ఎత్తిపెట్టి కూర్చున్నాడు, చేతిలో ముద్ద అలాగే ఉంది. నేను వంగి ఆయన కుర్చీ కింద తుడిచాను. నీళ్ళు పిండాలంటే డ్రెస్ చేతులు పైకి మడవక తప్పలేదు. ఆయన భార్య నా చేతులు చూసి అయ్యో అదేంటమ్మా అంది. అత్తయ్య, వంటింటి వేడికండీ అంది. బాస్ తన ముద్ద వైపు ఒకసారి చూసుకుని పళ్ళెంలో పెట్టేశాడు. కుడిచేత్తో తుడుస్తున్నాను, ఎడమ గుప్పిట్లో ఆ విరిగిన ముక్క గుచ్చుకుంటోంది. గుప్పిటి విప్పి ఆయన పళ్ళెం పక్కన పెట్టి, సార్, తాడు కాదు ఇది, రేపు మన లారీలో వెళ్తున్న సరుకు అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ మోకాళ్ళ మీద ఉన్న మనిషి ఆ మాట ఏ గొంతుతో అంటుంది? తుడిచాను. మూలలు కూడా తుడిచాను.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన నా పక్కన కూర్చుని మందు ట్యూబు తెచ్చి ఇచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ తేలేదు. లారీ ఆపాల్సిందేనని తనే అన్నాడు, ఆ మాట నేను ఆయన గురించి చెప్పి తీరాలి. తర్వాత మెల్లగా, "తొట్టి బాబాయ్ ఓవెన్‌లో పెట్టడం మర్చిపోయాడని అందాం. ఆయన ఎలాగూ త్వరలో రిటైరయ్యే మనిషి, ఎవరూ ఏమీ అనరు," అన్నాడు. అది విన్నప్పుడు నాకు కోపం వచ్చిందనుకుంటున్నారా? రాలేదు. ఒక్క క్షణం ఎంత ఊరటగా అనిపించిందో, దుప్పటి కప్పినట్టు. నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది ఆ దుప్పటి గురించే. బాస్ కాళ్ళ కింద తుడిచినందుకు కూడా అంత లేదు.

ఇవాళ సోమవారం పొద్దున షాపులో అందరం నిలబడి మాట్లాడుకునే వేళ, నేను విరిగిన ముక్కలు రెండూ బల్ల మీద పెట్టాను. ఏం చేశానో, ఎలా విరిగిందో చెప్పాను. నవ్వు కలపకుండా చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, వాక్యం చివరికొచ్చేసరికి పెదాలు వాటంతటవే సాగుతుంటాయి. బాస్ ముక్కలు చేతిలోకి తీసుకుని, ఓవెన్ పని డ్రాయింగులో ఎందుకు లేదన్నాడు. ముందు ఉండేది సార్, తీసేశారు అన్నాను. "ఎవరు తీసేశారు?"

మా ఆయన తొట్టి బాబాయ్ వైపు చూశాడు. తొట్టి బాబాయ్ నా వైపు చూశాడు, పాపం ఏమీ తెలియకుండా. నేను అన్నాను, "నేనే సార్."

ఆ మాటతో షాపంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మా ఆయన భుజాలు కిందికి దిగాయి. బాస్ మొహంలోకి జాలి వచ్చేసింది, పోనీలేమ్మా, చిన్నదానివి, ఇంటిపనీ ఆఫీసుపనీ రెండూ నెత్తిన వేసుకుంటే ఇలాగే పొరపాట్లు జరుగుతాయి, ఇకమీద జాగ్రత్త అన్నాడు. అందరూ కదలబోయారు. ఎందుకు తీసేశావని ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు. అడిగితే తప్ప చెయ్యక్కర్లేదు, చెప్పక్కర్లేదు. నేను ఒప్పేసుకున్నాను కదా, పైన పూత పడింది, మెరుస్తోంది, సరుకు కదలొచ్చు. నాకు అలవాటైన పనే కదా అది, నేనే అనడం. ఇంట్లో పాలు పొంగినా నేనే, వాన పడితే బట్టలు తడిసినా నేనే.

డ్రెస్ చేతులు పైకి మడిచాను. దురదగా ఉంది మరి. "సార్, ఎందుకు తీశానో ఎవరూ అడగలేదు," అన్నాను. "ఓవెన్ ఖాళీ లేదు, లైను తీసెయ్ అని ప్లానింగ్ సార్ చెప్పారు. మీకు చెప్దామని మీ గదికి వచ్చాను. మీరు వినకుండా తథాస్తు అన్నారు. బాబాయ్ అడిగితే కొత్త స్పెక్ అని నేను సగం నిజం చెప్పాను. తీసిన చెయ్యి నాదే, కానీ ముగ్గురం కలిసి తీశాం."

ప్లానింగ్ సార్ అన్నాను, గేటు లోపలి నియమం ప్రకారం. తొట్టి బాబాయ్ వెళ్ళి ఆ పెట్టెలన్నిటికీ, బయటికి పంపకూడదని గుర్తుగా, ఎర్ర చీటీలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ కొక్కేలు ఇక ఓవెన్‌కీ పనికిరావు, తుక్కే. బాస్ లైను మళ్ళీ రాసి తెమ్మన్నాడు. తెచ్చాను. మొదటిసారి చదివి సంతకం పెట్టాడు, తథాస్తు అనలేదు.

సాయంత్రం మా ఆయన స్కూటరు మీద వెనక కూర్చున్నాను. ఇంటికి ముందు చివరి మలుపులో బండి ఆపాడు, దిగలేదు, వెనక్కి తిరగలేదు. రోడ్డు వైపే చూస్తూ, అరవకుండా, నిజంగా నొచ్చుకున్న గొంతుతో అన్నాడు, "నేనే అన్నావు. బావుంది, అక్కడికి అయిపోయింది. అక్కడితో ఆపొచ్చుగా?"

నేను ఆయన వీపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో పొద్దున్నుంచీ సింకులో గిన్నెలున్నాయి, అవి ఇవాళ నేను తోమను, ఆ మాట మాత్రం ముందే అనుకున్నాను, లోపలికి వెళ్ళగానే ఆయన్నే అడిగి మరీ చేయిస్తాను. కానీ ఆయన అడిగినదానికి జవాబు నా దగ్గర ఇంకా తడిగానే ఉంది. అందుకే మిమ్మల్ని ఆపి కూర్చోబెట్టాను. నిజం చెప్పండి, మీరైతే అక్కడితో ఆపేసేవారా?